డాష్‌బోర్డు మీద ఒక్క దెబ్బ

డ్రైవింగ్ నేర్పే మాస్టారికి కాలూ చెయ్యీ ఒకచోట ఉండవు. మీసం దువ్వుతారు, అద్దం సర్దుతారు, మలుపు మలుపుకీ డాష్‌బోర్డు మీద అరచేత్తో ఒక్కటిస్తారు. ఆ దెబ్బ పడితేనే ఆ పాత కారులో వేగం చూపించే తెరకు వెలుగొచ్చేది. భార్య పోరు పడలేక ఈ ఆదివారం తెర ఊడదీసి, వదులైన తీగను తనే టంకం పెట్టి అతికించారు. అంకెలు చెక్కుచెదరకుండా నిలిచాయి. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరారు. చేతికి పనిలేక వేళ్లు స్టీరింగ్ మీద దరువేస్తున్నాయి. మలుపు రాగానే చెయ్యి దానంతటదే లేచి ఫట్‌మని పడింది. తెర ఆరిపోయింది.

"బాగయిందిగా, మళ్లీ ఎందుకండీ కొట్టారు?" అని ఆమె తల పట్టుకుంది.

"గట్టిగా అతికిందో లేదో చూద్దామనీ..." అని మాస్టారు నీళ్లు నమిలారు. ఇంకొక్కటిచ్చారు. అంకెలు వచ్చేశాయి. పొద్దుటి నుంచి మొదటిసారి ఆయన వీపు సీటుకు ఆనింది.