కుడి బుగ్గ

బస్సు నడిపేవాడికి కాళ్లూ చేతులూ బాగుంటే చాలనుకుంటారు జనం. ఈ డ్రైవరుకు అవి నిక్షేపంగా ఉన్నాయి. పాడైందల్లా మూత్రనాళం. ప్రమాదంలో కటి ఎముక విరిగినప్పుడు నలిగి, మానిన చోట బిగుసుకుపోయింది. ఆసుపత్రిలో గొట్టం దూర్చి వెడల్పు చేస్తారు, కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. బస్టాండు మరుగుదొడ్డిలో ఆయన గోడకేసి నిలబడితే, బయట కండక్టరు ఈల వేసి వేసి అలిసిపోయేవాడు. చివరికి డిపోవాళ్లు స్టీరింగు తీసేసుకుని గేటు దగ్గర కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీ పేరెత్తితే ఆయనకు ఒళ్లు మంట.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. బుగ్గ లోపలి పొర చిన్న ముక్క తీసి, ల్యాబులో ఆ కణాలను పెంచి, పలచని జాలీ మీద పరిచి, పాడైన చోట కుడతారట. పూచీ లేదు గానీ, కుదిరితే మళ్లీ స్టీరింగు పట్టుకోవచ్చు. నోటి తోలు అక్కడ పెడితే అదీ ఎదురు మాట్లాడుతుందేమోనంది భార్య. చాలా కాలానికి ఆ ఇంట్లో నవ్వు వినిపించింది. షరతు ఒక్కటే, పొగాకు మానాలి.

నిద్ర రాకుండా బుగ్గన పొగాకు పెట్టుకోవడం డ్రైవర్ల అలవాటు. ఈయన మానాడు. అంటే కుడివైపు మానాడు. కుడి బుగ్గ డాక్టరమ్మకు వదిలేసి, ఎడమ బుగ్గ తనకు ఉంచుకున్నాడు మహానుభావుడు.

కుడి బుగ్గలో తీసిన ముక్క ల్యాబులో పెరగలేదు. డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే దాచకుండా చెప్పేశాడు.

"పొగాకు రసానికి నోట్లో మధ్య గోడ ఉంటుందాండీ?" అందామె. ఆ గొంతులో కోపం కూడా లేదు, అలసటే.

భార్య కుర్చీ ముందుకు జరుపుకుంది. "నా బుగ్గ తీసుకోండమ్మా. నాకే అలవాటూ లేదు," అని నోరు తెరిచి చూపించింది.

వేరేవాళ్లది ఆయన ఒళ్లు ఒప్పుకోదని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. ఆరు నెలలు పొగాకు ముట్టకుండా ఉంటే మళ్లీ చూద్దామంది. భార్య నోరు మూసుకోవడం మరిచిపోయి అలాగే కూర్చుంది. సిగ్గుతో ఆయనకు తలెత్తబుద్ధి కాలేదు.

తిరుగు బస్సు నడిపేది పాత స్నేహితుడే. అలవాటు కొద్దీ పొగాకు పొట్లం వెనక్కి చాచాడు. ఈయన చెయ్యి సగం దాకా వెళ్లింది. పక్కన కూర్చున్న భార్య ఆ చేతినే చూసింది.

"వద్దు బావా. ఒక్కసారి బస్సు ఆపు," అన్నాడు.

దిగి, రోడ్డు పక్క గోడ చాటుకు వెళ్లి నిలబడ్డాడు. ఇప్పట్లో రాడని తెలిసిన స్నేహితుడు ఇంజను ఆపేసిన చప్పుడు వెనకాల వినిపించింది. హారన్ కొట్టినా అంత బాధపడేవాడు కాదు.