మా అత్త, వెస్టా రాయి

మొన్న పేపర్లో వెస్టా అనే గ్రహశకలం ఫొటో వేశారు. అంతరిక్ష నౌక దగ్గరికి వెళ్ళి తీసిందట. ఓ పక్క నొక్కుకుపోయి, కాల్చిన చిలగడదుంపలా ఉంది. ఉదయ ప్రార్థన ముగించి కాఫీ తాగుతున్న నేను దాన్ని చూస్తూ కాఫీ చల్లారబెట్టుకున్నాను. మా అత్తను వెనక బెంచీకి పంపిన రాయి ఇదే.

డెబ్బైల్లో మేం గవర్నర్‌పేటలో ఉండేవాళ్ళం. నాన్నగారు మా క్రైస్తవ సంఘానికి పెద్ద. ఆయన చెల్లెలు, మా అత్త, హైస్కూల్లో సైన్సు టీచరు. పెళ్ళి చేసుకోకుండా మాతోనే ఉండేది. ఒక వేసవిలో నాన్నగారు పత్రికలో ఈ రాయి గురించి చదివారు. ఇక్కడ మొదలుపెడితే మద్రాసు దాటిపోయేంత వెడల్పట. చివరి దినాల్లో నదుల మీద రాలుతుందని లేఖనం చెప్పిన నక్షత్రం ఇదేనని ఆదివారం ప్రసంగించారు. ఆరాధన అయ్యాక, అది కృష్ణ మీది బ్యారేజీకి ఎగువన పడుతుందా దిగువనా అని పెద్దలు చాలాసేపు వాదించుకున్నారు. నవ్వొచ్చే సంగతే, కానీ మైలవరం నుంచి వచ్చే రైతు ఒకాయన ఆ ఏడు నారు పోయడం ఆపేశాడు. అత్తను ఆవరణలో నిలేసి, ఆమె ఏమంటుందో చెప్పమన్నాడు.

"నారు పోసుకోండి. ఆ రాయి దేవుడు పెట్టిన దారిలో, అంగారకుడికీ బృహస్పతికీ మధ్య తిరుగుతోంది. కృష్ణలోకి రాదండీ," అంది అత్త.

మాట నాన్నగారికి చేరింది. సంఘం ముందు లేచి తప్పు ఒప్పుకోమన్నారు. అత్త ఒప్పుకోలేదు. మా దగ్గర క్రమశిక్షణలో ఉన్నవాళ్ళు వెనక బెంచీలో కూర్చోవాలి. ప్రభువు బల్ల దగ్గర విరిచిన రొట్టె వాళ్ళకివ్వరు. ప్రతి ఆదివారం రొట్టె పళ్ళెం అత్తకు ముందున్న వరుస దాకా వచ్చి తిరిగిపోయేది. ఆమె నెత్తిన కొంగు సవరించుకుని, పాట మాత్రం అందరికన్నా గట్టిగా పాడేది. ఇంట్లో కుటుంబ ప్రార్థనలో అన్నాచెల్లెళ్ళు ఒకరి కోసం ఒకరు పేరు పెట్టి ప్రార్థించేవారు. అది వినడం మాకు మరీ కష్టంగా ఉండేది.

అత్త మాట విని నారు పోసిన ఆ రైతు, కోతలయ్యాక కొత్త బియ్యం బస్తా కానుకగా తెచ్చాడు. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు ఆ బియ్యమే వండారు. నాన్నగారు స్తుతి చెల్లించి, అన్నం గరిటె పట్టుకుని వెనక్కి నడిచి, అత్త విస్తట్లో తనే వడ్డించారు.

"అన్నం పెట్టావు. రొట్టె ఎప్పుడిస్తావన్నయ్యా?"

"ఒక్కసారి లేచి ఒప్పుకోమ్మా. నేనే తెచ్చిస్తాను."

"పంట పండింది కదా. ఏమని ఒప్పుకోను?"

ఆమె చాలన్నా వినకుండా నాన్నగారు ఇంకో గరిటె వేశారు. ఆ తర్వాతి ఆదివారం కూడా పళ్ళెం అత్తకు ముందున్న వరుస నుంచే తిరిగిపోయింది.

రెండేళ్ళకు కామెర్లొచ్చి, వెనక బెంచీ మనిషిగానే అత్త ప్రభువు దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆయన బల్ల దగ్గర ఆమెకు చోటుందని నా విశ్వాసం. దేవుడికి వెయ్యేళ్ళు ఒక్క దినంలాంటివంటాం. మా ఇంట్లో మాత్రం ఆ ఆదివారాలు ఇంకా గడవలేదు.