మార్టిన్ అంకుల్ రాయించిన ఉత్తరాలు

పోయిన శనివారం చికాగో పక్కన నేపర్‌విల్‌లోని మా ఇంట్లో, బేస్‌మెంట్ గోడ బాగుచేయడానికి వచ్చిన పనివాడు బకెట్‌లో తెల్లటి పొడి పోసి నీళ్ళు కలిపాడు. ఆ తడి వాసన మెట్లెక్కి వంటింట్లోకి వచ్చేసరికి, పప్పులోకి పోపు వేస్తున్న నేను స్టవ్ కట్టేసి అలాగే నిలబడిపోయాను. తొలకరి మట్టి వాసనకి పరవశించిపోయేవాళ్ళ గురించి చాలా విన్నాను గానీ, తడి గోడ వాసనకి కళ్ళనీళ్ళు పెట్టుకునేది ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా ఆయన చూసి ఏమైందని అడిగితే ఎండుమిర్చి ఘాటు అన్నాను. ఆయన నమ్మలేదు. నాకు అబద్ధం ఆడటం చేతకాదు. జీవితంలో ఒక్కటంటే ఒక్కటి గోడ కట్టినట్టు ఆడాను, పదమూడేళ్ళ వయసులో, ఒక శవపేటికకి నాలుగడుగుల దూరంలో నిలబడి.

నా చిన్నతనమంతా జెర్సీ సిటీలో గడిచింది. ఇప్పుడక్కడ ఎటు చూసినా అద్దాల మేడలే గానీ, అప్పట్లో మా వీధిలో అన్నీ ఒకదాన్నొకటి ఆనుకున్న రెండంతస్తుల పాత ఇళ్ళే. పైన మేము అద్దెకుండేవాళ్ళం, కింద ఇంటి యజమాని మార్టిన్ అంకుల్ ఒక్కడే ఉండేవాడు. నాన్న పొద్దున్నే రైలెక్కి మన్‌హాటన్ ఆఫీస్‌కి వెళ్ళిపోయేవాడు. నేను స్కూల్ నుంచి రాగానే సంచి మెట్ల మీద పడేసి, చలికాలమైతే ఆయన ఇంట్లో బుసకొట్టే ఇనప రేడియేటర్ మీద తడిసిన గ్లవ్స్ ఆరేసుకుంటూ, వేసవైతే ఇంటిముందు మెట్లకేసి రబ్బరు బంతి కొడుతూ, ఆకులు రాలే రోజుల్లో ఆయన ఊడ్చి పోగేసిన ఎర్రాకుల కుప్పలోకి దూకి తిట్లు తింటూ, చీకటిపడేదాకా కిందే ఉండేదాన్ని. డిసెంబర్ వస్తే మా తెలుగు చర్చి ఆడవాళ్ళంతా మా వంటింట్లో చేరి అరిసెలు వండేవాళ్ళు. ఆ బెల్లం పాకం వాసన కిందికి దిగగానే ఆయన చీపురుకర్రతో తన సీలింగ్‌ని, అంటే మా నేలని, రెండుసార్లు పొడిచేవాడు. నాకు పెట్టరా అని దాని అర్థం. అమ్మ పంపిన పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చిన పాపాన పోలేదు. వంటసోడా వేసి, ఎండుద్రాక్ష గుచ్చి, వాళ్ళమ్మ చేసిన పద్ధతిలోనే కాల్చిన గట్టి రొట్టె దాన్లో పెట్టి పంపేవాడు.

"ఖాళీ గిన్నె తిరిగియ్యకూడదని ఈయనకీ వాళ్ళమ్మ చెప్పే ఉంటదే," అనేది అమ్మ.

ఆయన తాపీ మేస్త్రి. గోడలకీ సీలింగులకీ సున్నపు పూత వేసే పనిలో యాభై ఏళ్ళు గడిపి, వేళ్ళు కొక్కేల్లా వంగిపోయాక ఇంటిపట్టున ఉన్నాడు. వాళ్ళ నాన్న వాడిన తాపీ, అరిగి అరిగి సగమైనది, వంటింటి గోడకి వేలాడుతుండేది. మా అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లున్నప్పుడు, సున్నంలో పట్టు కోసం గుర్రపు వెంట్రుకలు కలిపేవాళ్ళమని ఆయన చెబితే, నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని, "మా ఊళ్ళో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసేవోళ్ళని చెప్పవే" అంది. కరక్కాయకి ఇంగ్లీషు తెలియక ఏదో మందుకాయ అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "మరి మీ గోడలకి చీమలు పట్టవా?" అని అడిగాడు. అమ్మమ్మ మూడు రోజులపాటు తలుచుకు తలుచుకు నవ్వింది.

ఏ పని చేస్తున్నా ఆయన నోరు మాత్రం వాళ్ళవాళ్ళ గురించే చెబుతుండేది. వాళ్ళ నాన్న మైకేల్‌ది ఐర్లండ్ పడమటి తీరంలో మట్టికన్నా రాయి ఎక్కువున్న ఊరు. ఎనిమిదిమంది పిల్లల్లో ఐదోవాడు, ఉన్న చెక్క పొలం పెద్దవాడికే చాలకపోతే, తాపీని మారుచొక్కాలో చుట్టుకుని ఓడెక్కాడు. వాళ్ళమ్మ నోరా అదే దేశంలో ఇంకో మూలనుంచి వచ్చి న్యూయార్క్‌లో ఒక గొప్పింట్లో వంటమనిషిగా కుదిరింది. చర్చి హాల్లో డాన్స్ జరుగుతుంటే మైకేల్ ఆమె ముందు చెయ్యి చాపాడు. సున్నం తినేసి పగుళ్ళు బారిన ఆ చెయ్యి చూసి, ఆమె డాన్స్ సంగతి పక్కనపెట్టి, అతన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి వెనిగర్ నీళ్ళతో చెయ్యి కడిగిందట. ఆ పులుపు సున్నం మంటని విరిచేస్తుంది. పెళ్ళయ్యాక కూడా ప్రతి సాయంత్రం తిండికి ముందు బల్లమీద వెనిగర్ నీళ్ళ గిన్నె ఉండేది. తండ్రీ, పదిహేనో ఏట పనిలోకి దిగిన మార్టినూ అందులో చేతులు ముంచితే, చెల్లెలు రోజ్ తువ్వాలు పట్టుకుని నిలబడేది.

ఆదివారాలు ఆ కుటుంబానికో తమాషా అలవాటుండేది. వాళ్ళు వెళ్ళే చర్చికి సీలింగ్ వేసింది మైకేలే. ప్రార్థన మొదలై అందరూ తలలు వంచితే వీళ్ళు నలుగురూ తలలెత్తేవాళ్ళు. ఎక్కడ బీటవారింది, ఏ మూల చెమ్మ దిగింది, దీపం చుట్టూ సున్నంతో పోసిన పూలలో ఏ రేకు విరిగింది అని చూసేవాళ్ళు. ఫాదర్ గారు మందలిస్తే, "దేవుడుండేది పైనే కదండీ" అన్నాడట మైకేల్. ఈ కథ విన్నాక నేనూ మా చర్చిలో అదే పని చేసి అమ్మ చేత తొడపాశం తిన్నాను. మాది అద్దెకు తీసుకున్న స్కూల్ హాలు. చూద్దామన్నా పైన ట్యూబులైట్లు తప్ప ఏమీ లేవు.

ఒకసారి వానలకి పైన మా ఇంటి హాల్లో సీలింగ్ పెచ్చు ఊడిపడింది. డెబ్భై దాటిన మార్టిన్ అంకుల్, ఎవరు వద్దన్నా వినకుండా తనే నిచ్చెనెక్కాడు. సగం పూత పడ్డాక కింద ఆయన ఇంట్లో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగి, మళ్ళీ మోగింది. నేను పరుగెత్తబోతే, "ఉండు కిడ్డో, తడి గోడ ఎవరికోసమూ ఆగదు," అన్నాడు. చివరి పూత ఒక్క ఊపున అయిపోవాలి, మధ్యలో ఆపితే అక్కడ గట్టిపడి అతుకు పడుతుంది, ఇల్లున్నంతకాలం ఆ అతుకు కనిపిస్తూనే ఉంటుంది. వాళ్ళ నాన్న నేర్పిన మొదటి పాఠం అదేనని చెప్పాడు.

ఇన్ని కథల్లోనూ రోజ్ తువ్వాలు పట్టుకున్న పిల్లగానే ఉండిపోయేది, పెద్దయ్యేది కాదు. చికాగో దగ్గర ఉంటుందనీ, తల్లి పోయిన నెలకే వెళ్ళిపోయి మళ్ళీ రాలేదనీ మాత్రం నాకు తెలుసు. ప్రతి క్రిస్మస్‌కి ఆయన ఆమెకి ఉత్తరం పంపేవాడు. ఆమె నుంచి ఒక కార్డు వచ్చేది, అచ్చువేసిన శుభాకాంక్షల కింద సంతకం, అంతే. వేళ్ళకి పెన్ను పట్టు చిక్కడం మానేశాక, నా తొమ్మిదో ఏటనుంచి ఆ ఉత్తరాలు నా చేత రాయించేవాడు. అక్షరాలు గుండ్రంగా ఉండాలని అమ్మ పెట్టిన తిట్లన్నీ అలా పనికొచ్చాయి.

నాకు పదకొండేళ్ళప్పటి డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం, బయట మంచు పడుతోంది. బాయిలర్ మార్పించిన సంగతీ, పక్కింటి పిల్లి తన సోఫా మీద కాపురం పెట్టిన సంగతీ రాయించాక ఆయన లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. తర్వాత ఒక్కో వాక్యం చెప్పాడు, నేను రాశాను. "రోజ్, కబురు నాకు పదింటికే అందింది. సీలింగ్ పూర్తయ్యాక, పదకొండున్నరకి నాన్నకి చెప్పాను. నీకు తెలుసని నాకు తెలుసు. నన్ను క్షమించు."

నేను తలెత్తి చూస్తే, ఉత్తరం మర్చిపోయి నాకు చెప్పడం మొదలుపెట్టాడు. తల్లి రెండు వారాలుగా హాస్పిటల్‌లో ఉంది, రోజ్ పక్కనే ఉంది. తండ్రీ కొడుకులు ఒక పెద్ద హోటల్ హాలుకి సీలింగ్ వేస్తున్నారు. తండ్రి పైన, కర్రలతో కట్టిన సారవ మీద, మెడ వెనక్కి వాల్చి, ఈల వేసుకుంటూ. ఇరవయ్యేళ్ళ మార్టిన్ కింద మాలు కలుపుతూ. రోజ్ హోటల్‌కి ఫోన్ చేస్తే వాచ్‌మన్ వచ్చి మార్టిన్‌కి చెప్పాడు, అమ్మకి బాగా లేదు, నాన్నని అడుగుతోంది, వెంటనే రమ్మంటున్నారు అని. పైన సగం పూత తడిగా ఉంది. చెబితే నాన్న తాపీ అక్కడే పడేసి పరుగెడతాడు, అంత హాలూ పాడైపోతుంది. అమ్మకి అంతకుముందు రెండుసార్లు ఇలాగే అయి తేరుకుంది. గంటన్నరే కదా అనుకున్నాడు. వాళ్ళు వెళ్ళేసరికి ఆమె పోయి అరగంటయింది. కబురు అప్పుడే వచ్చిందనుకుని తండ్రి తన తలరాతని తిట్టుకున్నాడు, చచ్చేదాకా అలాగే అనుకున్నాడు. కానీ తను ఫోన్ చేసిన టైం రోజ్‌కి తెలుసు. తండ్రి తట్టుకోలేడని ఆమె బయటపెట్టలేదు, అన్నతో మాత్రం మళ్ళీ మాట్లాడలేదు.

"భూతద్దం పెట్టి వెతికినా ఆ సీలింగ్‌లో అతుకు కనపడదు," అన్నాడు మార్టిన్ అంకుల్. "అంత మంచి పని నేను మళ్ళీ చేయలేదు."

కాసేపటికి ఆ నాలుగు వాక్యాలూ కొట్టేయమన్నాడు. కొట్టేశాను. కొట్టేసినా చదవడానికి వస్తోంది, వేరే కాగితం మీద అవి లేకుండా రాయమన్నాడు. రాశాను. ఒక్క తప్పు కూడా పోకుండా రాసినందుకు గర్వంగా కూడా అనిపించింది. మొదటి కాగితం ఆయన స్టవ్ మీద కాల్చేసి, నాకు రొట్టెముక్కకి దిట్టంగా వెన్న రాసిచ్చాడు. తిన్నాను.

పైకెళ్ళి అమ్మకి చెప్పబోతే సగంలోనే ఆపేసింది. మా చర్చిలో ఒకరి మాట ఇంకొకరికి మోసి రెండు కుటుంబాలు మొహాలు చూసుకోకుండా పోవడం ఆ మధ్యే చూసి ఉంది. "పెద్దోళ్ళు బాధలో ఏదో అంటారు. ఆ మాటలు నువ్వు మొయ్యమాకు. నీ నోట్లో నువ్వుగింజ నానదు, ఇదొక్కటైనా నాననియ్యి," అంది. నాననిచ్చాను.

రెండేళ్ళకి, చెట్లు చిగురేస్తున్న రోజుల్లో ఆయన గుండె ఆగి పోయాడు. ఫ్యూనరల్ హోమ్‌లో పేటిక తెరిచి, వంకర వేళ్ళకి జపమాల చుట్టి పెట్టారు. అమ్మ పులిహోర చేసి తెచ్చి శాండ్‌విచ్‌ల పక్కన పెట్టింది. చేతికర్రతో ఒక పొడుగాటి ముసలావిడ లోపలికొచ్చి, పేటిక వైపు కాకుండా ముందు సీలింగ్ వైపు చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆమె ఎవరో నాకు తెలిసిపోయింది. అన్న దగ్గర చాలాసేపు నిలబడి, తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"ఉత్తరాల్లో చేతిరాత నీదేనా?"

అవునన్నాను.

"మా అమ్మ పోయిన రోజు గురించి నీతో ఎప్పుడైనా ఏమైనా అన్నాడా?"

అంత దూరం ప్రయాణం చేసి ఆవిడ వచ్చింది ఆ ఒక్క ప్రశ్న కోసమేనని పదమూడేళ్ళ పిల్లకి కూడా అర్థమైంది. అమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది. నేను ఆవిడ కళ్ళలోకి చూసి, "లేదు ఆంటీ," అన్నాను. ఆవిడ తల ఊపి, "అనడని తెలుసు," అని నా చెంప నిమిరి, ఒక కప్పు కాఫీ అయినా తాగకుండా వెళ్ళిపోయింది. కార్‌లో అమ్మ నన్ను మంచిపిల్లవని మెచ్చుకుంది.

పెళ్ళయ్యి ఈ ఊరొచ్చాక, కవర్ల మీద ఐదు క్రిస్మస్‌లు నేనే రాసిన ఆ అడ్రస్‌కి డ్రైవ్ చేసుకుని వెళ్ళాను. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం. ఎవరో కొత్త దంపతులు తలుపు తీశారు, ఆవిడ పోయి చాలా ఏళ్ళయిందన్నారు. ఆ మాటలు మొయ్యమాకని ఎందుకన్నావని అమ్మని అడిగితే, "నేనా మాటన్నానా?" అంది. నిజంగానే గుర్తులేదు. జెర్సీ సిటీలో మా ఇల్లున్న చోట ఇప్పుడు ముప్ఫై అంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. ఆ హోటల్‌ని కూడా ఎప్పుడో కూల్చేశారు. ఇప్పటి గోడలు ఫ్యాక్టరీలో తయారై ట్రక్కులో వస్తాయి, వాటికి మేకులు కొడితే చాలు, ఎవరు ఎప్పుడు ఆగినా, ఎక్కడికి పరుగెత్తినా పాడయ్యేదేమీ లేదు. మార్టిన్ పెళ్ళి చేసుకోలేదు, రోజ్‌కి పిల్లల్లేరు. ఆ నలుగురి సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, వాళ్ళకి ఏమీ కానిదాన్ని.

అన్నాడు, రోజ్ ఆంటీ. క్షమించమన్నాడు. మీరడిగిన రోజున ఆ నాలుగు వాక్యాలూ నాకు కంఠతా వచ్చు.