నేను చెప్పిన సాక్ష్యం

మొన్న పొద్దున కాఫీ తాగుతుండగా ఫోను వచ్చింది. అవతలి మనిషి గొంతు ఎంతో మర్యాదగా ఉంది. డెబ్బైలలో నంద్యాల నుంచి వచ్చిన మన పిల్లల పత్రికలోని కథలన్నీ ఏరి, రంగుల బొమ్మలు వేయించి, పిల్లల ఆధ్యాత్మిక కథలు అనే పేరుతో ఒక పుస్తకంగా తెస్తున్నామనీ, నేను పదమూడో ఏట రాసిన కథ కూడా అందులో ఉందనీ, ముఖ్యంగా దాని ముగింపు చదివి కమిటీలో అందరి కళ్ళూ చెమర్చాయనీ, నా అనుమతి కావాలనీ చెప్పాడు. ఆ ముగింపు నాది కాదు బాబూ, వేయవద్దు అన్నాను. ఆయన నవ్వి, అంత చిన్నప్పటి సంగతి మీకేం గుర్తుంటుందమ్మా అన్నాడు. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు ఒళ్ళు మండుతూనే ఉంది. అరవై దాటిన మనిషికి ఇంత కోపం మంచిది కాదని మా అబ్బాయి అంటాడు. వాడికి ఈ సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు.

మీలో నా యీడువాళ్ళకు ఆళ్లగడ్డ అంటే ఏది గుర్తొస్తుందో గాని, నాకు గుర్తొచ్చేది ఉలి చప్పుడు. మా నాయన అక్కడి బడిలో పంతులు. మాది ప్రార్థనతో పొద్దు మొదలై ప్రార్థనతో ముగిసే ఇల్లు. మా గోడను ఆనుకునే ఒక శిల్పిగారి కొట్టం ఉండేది. మా అమ్మ బైబిలు చదువుకుంటుంటే పక్కనుంచి ఉలి చప్పుడు తాళం వేసినట్టు వినిపించేది. ఆరేసిన బట్టల మీద సన్నటి రాతిపొడి పడితే అమ్మ దులిపి మళ్ళీ ఆరేసేదే తప్ప ఒక్కనాడూ విసుక్కోలేదు. వాళ్ళ పండగకు మాకు ఓళిగలు వచ్చేవి, మా క్రిస్మసుకు వాళ్ళకు అరిసెలు పోయేవి. శిల్పిగారి కూతురికీ నాకూ ఒకటే వయసు. మేమిద్దరం ఆ గోడకు అటూ ఇటూ తిరుగుతూనే పెరిగాం.

ఆ కొట్టంలో దేవుళ్ళు వెల్లకిలా పడుకుని ఉండేవాళ్ళు. శిల్పిగారు అమ్మవారి పొట్ట మీద చెరో పక్కకూ కాళ్ళు వేసి కూర్చుని ముక్కు చెక్కేవారు. చెమట పడితే తువ్వాలతో తుడుచుకుని, దాన్ని ఆ తల్లి కిరీటానికే తగిలించేవారు. నా స్నేహితురాలు చెంబుతో నీళ్ళు పోస్తూ పాదాలను నున్నగా రుద్దేది, పక్కన కూర్చుని నేనూ రుద్దేదాన్ని. దేవుడి మాట ఎత్తితేనే గొంతు తగ్గించే ఇంట్లో పుట్టిన నాకు అదంతా భయంగానూ, ముచ్చటగానూ ఉండేది. ఒకనాడు ఉండబట్టలేక, అట్లా మీద కూర్చుంటే తప్పు కాదా అని అడిగేశాను.

"కండ్లు తెరిచేదాకా రాయే పాపా. తెరిచినంక నేను గూడా దూరం నిలబడాల్సిందే" అన్నారు ఆయన, ఉలి ఆపకుండానే.

కళ్ళు అన్నిటికన్నా ఆఖరున చెక్కేవారు. ఆ పని ముగిసిన క్షణం నుంచి, అంతదాకా మీద కూర్చున్న మనిషే చేతులు కట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరిగేవారు. ఎంతవరకు రాయి, ఎప్పటినుంచి దేవత, ఆ మధ్యలో ఏం జరుగుతుంది అని నేను రోజుల తరబడి ఆలోచించాను. పన్నెండేళ్ళ పిల్లకు అంతకన్నా పెద్ద సంగతి ఏముంటుంది?

తర్వాతి ఏడు నన్ను నంద్యాల హాస్టలులో వేశారు. దసరా సెలవులకు ఇంటికి వచ్చేసరికి నా స్నేహితురాలు పెద్దమనిషి అయ్యింది. ఇక కొట్టంలో కాలు పెట్టకూడదన్నారు. ఏడాది పొడుగునా ఆమె నీళ్ళు పోసి, అరచేతులు పగిలేలా రుద్దిన అమ్మవారు అప్పుడే పూర్తి కావస్తోంది. కిటికీ చువ్వలు పట్టుకుని చూడడమే ఆమెకు మిగిలింది. ఈ నియమం ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ చెప్పరు, అదంతే అంటారు. ఆడరూపాన్ని చెక్కి, అమ్మా అని మొక్కి, సొంత ఆడపిల్ల ఎదిగితే మాత్రం బయటికి పొమ్మనడం ఏం న్యాయమో నాకు ఆనాడూ అర్థం కాలేదు, ఈనాడూ కాలేదు. మా పద్ధతులు మాత్రం ఏం గొప్ప లెండి! అంతదాకా వేదికెక్కి పాటలు పాడిన నన్ను, పదమూడో ఏడు రాగానే ముసుగేసుకుని వెనక చాపలో కూర్చోమన్నారు. అదీ అంతేనన్నారు.

ఆ కోపంతోనే కథ రాశాను. నోటు పుస్తకంలో నాలుగు పేజీలు. ఒక పాప రోజూ ఒక రాతికి నీళ్ళు పోస్తూ దానితో కబుర్లు చెప్పుకుంటుంది. పాప ఎదుగుతుంది, రాయి అమ్మవారవుతుంది. ఇద్దరూ ఎదిగినందుకే ఒకరికొకరు దూరమవుతారు. చివర కళ్ళు తెరిచే రోజున పెద్దలంతా చేతులు జోడించి ఎదుట నిలబడితే, ఆ తల్లి మొట్టమొదట కిటికీ వైపు చూస్తుంది. అంతే కథ. హాస్టలుకు తిరిగిపోయే ముందురోజు మా వసారాలో కూర్చుని నా స్నేహితురాలికి చదివి వినిపించాను. చివరి నాలుగు వాక్యాలు ఆమె మూడుసార్లు చదివించుకుని, లేచి ఇంటికి పోయింది. మరునాడు బస్సు శిరివెళ్ల దాటినా ఆ పుస్తకాన్ని సంచిలో పెట్టబుద్ధి కాక ఒళ్ళోనే పట్టుకుని కూర్చున్నాను.

మా పిల్లల పత్రికకు సంపాదకులు నంద్యాల చర్చి పాస్టరు, మా అయ్యగారే. చెడ్డవారు కారు, జ్వరమొస్తే హాస్టలుకు వచ్చి తలాపున కూర్చుని ప్రార్థన చేసేవారు. నా కథ చదివి తల నిమిరారు. రెండు నెలలకు అచ్చులో చూసుకుంటే కథంతా నాదే, చివరి నాలుగు వాక్యాలు మాత్రం నావి కావు. పాప ఎంత పిలిచినా రాయి పలకలేదనీ, అది ఉత్త రాయేనని పాప తెలుసుకుందనీ, చేతులు కడుక్కుని సండే స్కూలుకు పరుగెత్తిందనీ రాసి ఉంది. చేతులు కడుక్కుని! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. మేమిద్దరం ఆ పాదాల మీద పోసిన నీళ్ళన్నీ ఏమైనట్టు? పిల్ల అడిగిన ప్రశ్నకు తన జవాబు అతికించి, కింద పిల్ల పేరు వేయడం దొంగతనం కాక మరేమిటి? దాన్ని దేవుడి పని అనుకుని చేయడం ఇంకా పెద్ద తప్పు.

ఇక నా ఘనకార్యం వినండి. ఆ వచ్చిన ఆదివారం ఆరాధనలో, సాక్ష్యాలు చెప్పే వేళ, అయ్యగారు నన్ను ముందుకు పిలిచారు. సాక్ష్యమంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, దేవుడు తనకు చేసిన మేలును సంఘం ముందు నిలబడి నోటితో ఒప్పుకోవడం. జబ్బు నయమైనవాళ్ళు, పంట చేతికొచ్చినవాళ్ళు లేచి చెబుతారు, విన్నవాళ్ళంతా స్తోత్రం అంటారు. ఆ ముగింపు నీకెలా తోచిందో చెప్పమ్మా అన్నారు అయ్యగారు. ఎలా తోచిందో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. చర్చి నిండా జనం. నా కోసమే ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మా నాయన ఉతికిన చొక్కా వేసుకుని మూడో వరసలో కూర్చున్నారు. ఆయన మొహం చూశాను. ప్రార్థన చేసుకుంటుంటే దేవుడే ఇచ్చాడండీ అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. అబద్ధ సాక్ష్యం ఎంత పాపమో వారం వారం వల్లె వేసిన నోటితోనే ఆ మాట అన్నాను. బహుమతిగా ఫౌంటెన్ పెన్ను ఇస్తే సిగ్గులేకుండా తీసుకున్నాను కూడా.

మా నాయన పత్రికలు కట్టగా కొనుక్కుపోయి ఊళ్ళో పంచారు. గోడవతలి శిల్పిగారికీ ఒకటి ఇచ్చి, మీ కొట్టం మీదే మా పాప రాసిందని మురిసిపోతూ చెప్పి వచ్చారు. ఆ ముగింపు చదివితే పక్కింటివాళ్ళ మనసు ఏమవుతుందో ఆయనకు తోచనే లేదు. శిల్పిగారికి అప్పటికే చత్వారం, చిన్న అక్షరాలు ఆనవు. కూతురే చదివి వినిపించిందని తెలిసిన రోజున నాకు అన్నం సయించలేదు. ఆ తర్వాత సెలవులకు పోయినా ఆ గడప తొక్కలేదు. బజారులో ఎదురైనప్పుడు "ఏం పాపా, మా ఇంటి దిక్కు రాకనే పోతివే" అని ఆయన ఎప్పటిలాగే నవ్వేవారు. ఆ నవ్వు ఎత్తిపొడుపే అనుకుని నేను పక్క సందులోకి తిరిగేదాన్ని. అలా ఆరేళ్ళు తిరిగాను, ఇంట్లో కూడా వాళ్ళ ఊసు ఎత్తనివ్వలేదు. స్నేహితురాలికి చాగలమర్రి సంబంధం కుదిరితే, పరీక్షలని వంక పెట్టి పెళ్ళికి కూడా పోలేదు.

ఎనభైలలో, నంద్యాలలోనే నేను పంతులమ్మగా చేరాక, ఒక మధ్యాహ్నం బస్టాండులో ఆమె ఎదురైంది. చంకలో బిడ్డ, చేతిలో కొత్త బట్టల సంచి. వాళ్ళ నాయన పోయి ఏడాది అయ్యిందని చెప్పింది. నాకు ఏడుపు ఆగక, ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నదంతా కక్కేశాను. ఆ ముగింపు నేను రాయలేదనీ, అయ్యగారు మార్చారనీ చెప్పాను. ఆమె బిడ్డను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది.

"నాకు తెల్దా మే? నువ్వు మూడుసార్లు చదివితివి గదా నాకు" అంది. "మా నాయనకు నేను నువ్వు రాసిందే చెప్తి. బుక్కు చూసి చదువుతాండట్లే ఉండి, కడాకు వచ్చేతలికి నీ మాటలే చెప్తి. మర్నాడు నన్ను కొట్టంలేకి పిల్చి చెంబు చేతికిచ్చె. పెండ్లయి పోయేదాకా ఆడనే పని జేస్తి."

ఆమె గొంతు అప్పుడు మారింది.

"నీ కోసరం మా నాయనకు నేను అబద్ధం చదివితి. నువ్వేమో చర్చిలో నిలబడి, ఆ కడపటి ముక్క దేవుడిచ్చినాడని సాక్ష్యం చెప్తివంట. మీ నాయనే చెప్పె. దానికే నాకు కోపం."

చాగలమర్రి బస్సు వచ్చింది, ఎక్కిపోయింది. మళ్ళీ నాకు కనబడలేదు.

ఇప్పుడు ఆళ్లగడ్డలో రాయి కోసే యంత్రాల రొదలో ఉలి చప్పుడు వినాలంటే చెవి ఒగ్గాలి. నంద్యాలలో పిల్లల పుస్తకాలకు కొదవ లేదు. మన కాలపు మట్టిరంగు కాగితం కాదు, అద్దంలా మెరిసే కాగితం. అంగడిలో నిలబడి తిరగేస్తుంటాను. ప్రతి కథలోనూ ఒక పిల్ల దేవుడి గురించి ఏదో అడుగుతుంది, ప్రతి కథా పెద్దవాళ్ళ జవాబుతోనే ముగుస్తుంది. ఈ ఒక్క సంగతిలో మాత్రం అన్ని మతాలవాళ్ళూ చక్కగా కలిశారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలు రాసిన కథల్లో గుణింతాలు దిద్దాను గాని ముగింపుల జోలికి పోలేదు. అది చాలదని నాకు తెలుసు. అయ్యగారు లేరు, మా నాయన లేరు, కోప్పడదామంటే నేను తప్ప ఎవరూ మిగల్లేదు. కట్టలకొద్దీ అచ్చయిన ఆ కథను నేను రాసినట్టుగా విని, విన్న మరునాడే కూతురికి తన వాకిలి తెరిచిన మనిషి శిల్పిగారు ఒక్కరే. ఆయనకు మొహం చూపించలేకనే నేను ఆరేళ్ళు పక్క సందుల్లో నడిచాను.