మూడో నీళ్లు పోశారా?

1943 వేసవిలో నన్ను గురజాలకు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. నా కింద ఇద్దరు టీకాల వాళ్లు, పైన గుంటూరులో జిల్లా హెల్త్ ఆఫీసరు. అప్పటికే కారంపూడి వైపు పల్లెల్లో మశూచి రేగి ఉంది. కేసు కనిపెట్టడం, చుట్టుపక్కల ఇళ్లకు టీకాలు వేయించడం, రిజిస్టరులో ఎక్కించడం మా పని. రిజిస్టరు చివరి గడిలో రెండు మాటలకే చోటు: మరణం, స్వస్థత. వేరే ఏం రాసినా పైనుంచి తాఖీదు వచ్చేది.

ఒంటి మీద పక్కులన్నీ రాలాయని కళ్లారా చూశాకే స్వస్థత అని రాయాలని రూలు. సైకిలు మీద ఎండలో ఊరూరా తిరిగే మేం దానికి అడ్డదారి కనిపెట్టాం. అమ్మవారు పోసిన ఇంట్లో వేపాకు, పసుపు కలిపిన నీళ్లు మూడుసార్లు పోస్తారు. మూడో నీళ్లతో అమ్మవారు దిగిపోయినట్టే. ఆ తర్వాత ఒంట్లో బాగాలేదనడం ఆమెను నిందించడం కింద లెక్క. అందుకని గుమ్మం బయటే నిలబడి "మూడో నీళ్లు పోశారా?" అని అడిగేవాణ్ణి. పోశామంటే స్వస్థత. మూఢనమ్మకాలు మానండని సాయంత్రం ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషిని కూడా నేనే.

యేసురత్నం మాస్టరు ఆ పల్లెల్లో ఒకదానిలో ఎలిమెంటరీ బడి పంతులు. ఆయనకూ మశూచి సోకింది. ఆదివారం ప్రార్థన తప్పని కుటుంబమే అయినా, ఇరుగుపొరుగు మాట తీసేయలేక తల్లి మరియమ్మ కొడుక్కి మూడు నీళ్లూ పోసింది. నేను అలవాటు ప్రకారం బయటినుంచే అడిగి, స్వస్థత అని రాసి, బడిలో చేరవచ్చని చీటీ కూడా ఇచ్చి వెళ్లాను.

పది రోజులకు ఆయన కారంపూడిలో నా క్యాంపుకు వచ్చాడు. వెలుగు తగలకుండా తువ్వాలు కళ్ల మీదికి లాక్కున్నాడు.

"ఎడమ కన్ను ఒకటే పోటండీ. నీళ్లు కారతానే ఉండయి. అక్షరాలు చానా మసగ్గా కనపడుతున్నయ్" అన్నాడు.

గుంటూరు ఆసుపత్రిలో కంటి డాక్టరుకు చూపించుకోవాలని ఆయన ఆశ. ఆరోగ్యంగా ఉన్నవాడికి సెలవెందుకని బడి మేనేజరు అడ్డం తిరిగాడట. నేను మరో చీటీ రాసిస్తే సెలవు దొరుకుతుంది. సెలవు లేకుండా వెళితే ఉద్యోగం పోతుంది.

ఆ చీటీ రాయాలంటే ముందు రిజిస్టరులో స్వస్థత కొట్టేయాలి. కొట్టేస్తే, మనిషిని చూడకుండానే రాశావా అని ఆఫీసరు అడుగుతాడు. మశూచి తర్వాత నీరసం మామూలేననీ, పాలు తాగితే సర్దుకుంటుందనీ చెప్పి పంపేశాను. ఆయన కళ్ల మీది తువ్వాలు తీయమని అప్పుడు కూడా అడగలేదు. మాస్టరు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

రెండు నెలలకు టీకాల పని మీద మళ్లీ ఆ ఊరు వెళ్లాను. మాస్టరు ఎడమ కంట్లో తెల్లగా పువ్వు వేసింది, కుడి కన్నూ మసకబారింది. పాఠాలు నోటికి వచ్చు గనక కొన్నాళ్లు నెట్టుకొచ్చి, తనిఖీనాడు హాజరుపట్టీ చదవలేక దొరికిపోయాడు. పనిలోంచి తీసేసిన ఉత్తరువు బడిలో నాకు చూపించారు. హెల్త్ ఇన్‌స్పెక్టరు చీటీ ప్రకారం ఈయన ఆరోగ్యవంతుడే కాబట్టి ఇది కేవలం నిర్లక్ష్యమేనని అందులో ఉంది.

మరియమ్మ నన్ను గుమ్మం దగ్గరే ఆపింది.

"ఏందయ్యా, నీళ్లు పోశారా, నీళ్లు పోశారా అని అడిగిపోతివే గానీ, నా బిడ్డ మొకం వంక ఒక్కసారన్నా చూస్తివా?"

అప్పుడు గుంటూరు ఆసుపత్రికి చీటీ రాశాను, రిజిస్టరు జోలికి పోకుండానే. గుంటూరు డాక్టరు చూసి, పుండుగా ఉన్నప్పుడే తెచ్చి ఉంటే ప్రయత్నించేవాళ్లమని చెప్పి పంపాడట. ఆ ఏడాది మా తాలూకాలో స్వస్థతలు బాగున్నాయని ఆఫీసరు నన్ను మెచ్చుకున్నాడు. సిగ్గు లేకుండా నమస్కారం పెట్టాను.

పక్కులు రాలితే అంటు పోయినట్టే గానీ జబ్బు పోయినట్టు కాదు. ఆ తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్లూ గుమ్మం దాటి లోపలికి వెళ్లి, రోగిని వెలుతురులో కూర్చోబెట్టి, కళ్లూ కీళ్లూ చూసి, ఇంకేం బాధ ఉందో అడిగాకే రాశాను. యేసురత్నం పేరు ఎదుట మాత్రం స్వస్థత అనే ఉంది. బదిలీ మీద వెళుతూ ఆ రిజిస్టరు అప్పగించిన రోజున కూడా దాన్ని దిద్దలేదు.