కృష్ణ ఇసుకలో నిండు చుట్టు

గవర్నర్‌పేటలో తోపుడుబండి మీద కోసిపెట్టిన ఖర్బూజా వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ అరికాళ్ళు చురుక్కుమంటాయి. పండు కొనకుండా వాసన పీలుస్తూ ఈ ముసలిది ఎందుకు నిలబడిందో బండివాడికేం తెలుసు! ఆ క్షణాన నేనున్నది నలభైల నాటి బెజవాడలో, అనకట్ట కింద, ఎండాకాలపు కృష్ణ ఓ పక్కకి సన్నగా ఒదిగిపోతే మిగతా ఏరంతా ఎడారిలా తెల్లగా పరుచుకున్న ఇసుకలో.

మాది నేతవాళ్ళ పేట. అమావాస్య నాడు మగ్గం ముట్టుకోకూడదు కనక, చైత్ర అమావాస్యకి పేటంతా పిల్లాజెల్లాతో ఏట్లోకి బయల్దేరేది. తెలతెలవారుతుండగా గంజి వాసన వేసే చీరలు ఎగదోపుకున్న ఆడవాళ్ళు, భుజాన తువ్వాళ్ళతో మగవాళ్ళు, సత్తుగిన్నెల్లో మజ్జిగ కలిపిన చద్దన్నం, నంజుకోవడానికి మాగాయ. పాయ ఒడ్డునే కొంగల్నీ, బుడిబుడి అడుగులతో పరిగెత్తే ఉల్లంకి పిట్టల్నీ చూసుకుంటూ, ఇసుకతిన్నె చుట్టూ తిరిగి, ఇసుకలో వేసిన ఖర్బూజా, దోసపాదుల మీదుగా ఎండెక్కకముందే బయల్దేరిన చోటికి వచ్చేయాలి. చంకలో పిల్లల్నెత్తుకున్నవాళ్ళు కూడా అవలీలగా తిరిగొచ్చే నడక. మా ఇంటివాళ్ళం మాత్రం ఏ ఏడూ సగం దాటి ఎరగం.

ఎందుకంటే తిన్నె అవతలి కొస ఇంకా కనపడకముందే ఖాయంగా తీతువుపిట్ట కూసేది. అది చావు కబురని మా నాయనమ్మ భయం. మా నాన్నకి అన్న ఒకాయన పసితనంలోనే జ్వరంతో పోయిన రోజున ఇంటి మీదుగా తీతువు కూస్తూ పోయిందట. అందుకని ఆ అరుపు చెవిన పడగానే "పదండ్రా వెనక్కి" అనేది, అంతే, అందరం తిరుగుముఖం. ఎదురింటి రత్తమ్మత్త మాకు 'సగం చుట్టోళ్ళు' అని పేరు పెట్టింది. ఆ పేరుతో పేట పిల్లలు ఏడిపిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు, ఏమైనా సరే చుట్టు పూర్తిచేసి తీరాలని పంతం పట్టాను.

ఆ ఏడూ కూసింది. నాయనమ్మ ఆగిపోయింది. నేను ఆగలేదు, పావడా ఎగ్గట్టి ముందుకి ఒకటే పరుగు. పిట్ట నా నెత్తి మీదికి దూసుకొచ్చి, గొంతు చించుకుని అరిచి, ఇసుకలో వాలి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ కుంటసాగింది. హడలిపోయి నిలబడ్డాను. నాయనమ్మ రొప్పుతూ వచ్చి నా జబ్బ పట్టుకుంది.

"కదలమాకే! నీ కాళ్ళకాడ చూడు!"

చిన్న గుంటలో, గులకరాళ్ళ మధ్య, ఇసుకరంగు మీద నల్లమచ్చల గుడ్లు. ఇంకో అడుగేస్తే చితికిపోయేవే. నాయనమ్మ వాటిని చూసింది, కుంటుతున్న పిట్టని చూసింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పిల్లల తల్లివా నువ్వు?" అంది పిట్టతో. తర్వాత నాతో, "చావు కబురు కాదే పిల్లా ఇది. బిడ్డల్ని ఏం చేస్తామోనని ఈ గోల, మనల్ని పక్కకి మళ్ళించాలని ఆ దొంగ కుంటుడు. నా పెద్దాడు పోయినప్పుడు నేనూ ఇట్టాగే అరిచాను" అంది. కళ్ళు తుడుచుకుని, వెనక బిక్కమొహాలతో నిలబడ్డ అమ్మానాన్నల వైపు తిరిగింది. "గుడ్లకి దూరంగా రండి. పదండి, ముందుకే!"

ఇక ఆవిడే ముందు, మేమంతా వెనక. అవతలి కొస నేను మొదటిసారి చూసింది అప్పుడే: మోకాలి లోతు నీళ్ళలో బారులు తీరిన తెల్లకొంగలు, రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకులు, ఒక్కసారిగా లేచి ఎండలో తళుక్కుమని తిరిగిన పిట్టల గుంపు. నాన్నయితే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఇసుక అప్పటికే కాలుతోంది, అయినా ఎవరికి పట్టింది!

పేట మొదట్లోనే రత్తమ్మత్త, "వచ్చారా సగం చుట్టోళ్ళు!" అంది.

"సగం కాదే, సాంతం తిరిగొచ్చాం! కావాలంటే మా కోడల్నడుగు!" అని నాయనమ్మ వీధంతా వినపడేలా కేకేసింది. ఆ కేకతో నాకు రాజ్యం గెలిచినంత సంబరమయింది. ఆ తర్వాత తీతువు మా ఇంటి మీదుగా ఎన్నిసార్లు కూసినా ఆవిడ "పాపం, పిల్లలు గలది" అని తన పని తను చూసుకునేది.

ఇప్పుడు ఆ తిన్నెలు లేవు. ఉన్న ఇసుకంతా లారీలెక్కి మేడలైపోయింది, పిట్టలెటు పోయాయో తెలియదు. ఒకప్పుడు తీతువు కూత వినపడకూడదని మా ఇంటిల్లిపాదీ దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళం. ఒక్కసారి వినపడితే బాగుండునని ఇప్పుడు నేను పెట్టుకుంటున్నాను.