దొంగ వైద్యుడి చేతిలో మామిడికాయ

నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు నాటకాల మీద పరిశోధన చేసి, భద్రాచలంలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నానని నన్ను చూసి జాలిపడేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ జాలి నాకు అక్కర్లేదు. ఆ నాటకాల్లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. అచ్చు పుస్తకాలు అప్పుడప్పుడే మామూలు జనం చేతికి వస్తున్నాయి. లోకంలోని విద్యంతా ఒక్కచోట పోగేశామని చెప్పుకునే లావుపాటి పుస్తకాలు బజారులోకి వచ్చాయి. చుక్కలు, మూలికలు, రాళ్ళు, జంతువులు, అన్నీ అందులోనే. నాటకాలు రాసేవాళ్ళు ఆ విద్యను తెచ్చి ఏ డాంబికుడి నోట్లోనో పెట్టి వేదిక ఎక్కించేవాళ్ళు. పుస్తకంలో పడుకున్న జాబితా అక్కడ లేచి తిరిగేది.

పోయిన ఎండాకాలం మొదట్లో కాలేజీ వార్షికోత్సవానికి ఆ తరహాలోనే తెలుగులో ఓ చిన్న నాటకం రాశాను. ఒకే ఒక్క పుస్తకం చదివి ఊరూరా తిరిగే దొంగ వైద్యుడి కథ. మధ్యలో అతను సంచిలోంచి కరక్కాయ, నల్లేరు, తిప్పతీగ ఒక్కొక్కటే తీస్తూ, పుస్తకం చెప్పిన గుణాలన్నీ ఏకరువు పెడతాడు. రిహార్సల్ చూసిన ప్రిన్సిపాల్ గారు ఆ ఏకరువు తీసెయ్యమన్నారు. జనం మధ్యలో లేచిపోతే వచ్చే ఏడు నుంచి నాటకమే ఉండదు, డాన్సులతో సరిపెడతామన్నారు. నాకు ఒళ్ళు మండింది. నేను ఖమ్మంలో మా అబ్బా అత్తరు దుకాణంలో పెరిగినదాన్ని. నాన్న సీసాలన్నీ ముందు పరిచి ఒక్కోదాని గొప్ప చెబుతుంటే, కొననివాళ్ళు కూడా నిలబడి వినేవాళ్ళు. ఒక్క ముక్క కూడా తీసేది లేదన్నాను.

వైద్యుడి వేషం మా సెకండియర్ అమ్మాయిది. అడవి పక్క ఊరి పిల్ల. అన్నీ నిజమైన వస్తువులే ఉండాలని పట్టుబట్టి, వార్షికోత్సవం రోజు ఉదయం సంచిలో కొత్త మామిడికాయ కూడా వేశాను. చివర్లో దాన్ని కొరికి, రుచి పుస్తకం చెప్పినట్టే ఉందనాలి. ఆ అమ్మాయి సంచి విప్పి, కాయను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను కొరక మేడం. మా ఊర్ల ఇంకా మామిడి పండుగ కాలే."

ఊరంతా కలిసి పండుగ చేసి, దేవతకు పెట్టేదాకా వాళ్ళలో ఎవరూ కొత్త కాయ నోట పెట్టరు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. కాయ తీసేద్దామన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, సంచిలోనే ఉండనివ్వమంది. పండుగ సంగతి తనకు తెలుసుగాని ఆ వైద్యుడికి తెలియదు కదా అంది.

సాయంత్రం హాల్లో ముందు వరసల నిండా పిల్లల ఇంటివాళ్ళే, అడవి ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళు. ఏకరువు మొదలైంది. కరక్కాయకు నవ్వారు. తిప్పతీగ దగ్గరికి వచ్చేసరికి వెనక కుర్చీలు కదిలాయి, కొందరు లేచారు. ప్రిన్సిపాల్ గారు నావైపు చూశారు. నేను వేదిక మీది నుంచి చూపు తిప్పలేదు.

అప్పుడు వైద్యుడు మామిడికాయ తీశాడు. గుణాలన్నీ చెప్పి, మెల్లగా నోటి దాకా తెచ్చాడు.

"ఆగు బిడ్డా," అంటూ ముందు వరసలో ఓ ముసలమ్మ లేచి నిలబడింది. "ఇంకా పండుగ కాలే."

ఆ వెంటే సగం హాలు ఆగు ఆగు అంది. బయటికి పోతున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఆగి వెనక్కి చూశారు. వైద్యుడు కాయను దించి, చంకలోని పుస్తకం తెరిచాడు. పేజీలు ముందు నుంచి వెనక్కి తిప్పాడు, మళ్ళీ వెనక నుంచి ముందుకి తిప్పాడు. ఇదేదీ నేను రాసింది కాదు.

"గీ ముచ్చట గిండ్ల లేదు అవ్వా," అన్నాడు.

హాలంతా నవ్వు. లేచినవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. వచ్చే ఏడు నాటకానికి ఎంతసేపు కావాలని ప్రిన్సిపాల్ గారు నా చెవిలో అడిగారు. గంట కావాలన్నాను. ముసలమ్మ మాత్రం, కాయ తిరిగి సంచిలోకి వెళ్ళేదాకా కూర్చోలేదు.